మార్లవాయి బడి

బడి చరిత్ర రాయమంటే ఎవరైనా తాము చదువుకున్న బడి గురించి రాస్తారు. నేను ఒక్క రోజు కూడా చదవని బడి గురించి రాస్తున్నాను. దానికి కారణం హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడు. అతనిది జైనూరు దిక్కు, మాది చెన్నూరు. ఇద్దరిదీ మొన్నమొన్నటి దాకా ఒకటే ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయినాక మేము మంచిర్యాల వాళ్లమైనాం, వాళ్లు కొమురం భీం ఆసిఫాబాద్ వాళ్లయినారు. కాయితం మీద విడిపోయినా గోదావరి మాత్రం మమ్మల్ని విడదీయలేదు. కేస్లాపూర్ నాగోబా జాతర కోసం మెస్రం వంశం వాళ్లు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా వచ్చి తీసుకుపోయేది ఈ గోదావరి నీళ్లే. అవే నీళ్లు కిందికి వచ్చి, మా చెన్నూరు దగ్గర ఉత్తరానికి తిరిగి పారుతాయి. ఆ ఉత్తరవాహిని ఒడ్డున మా ఊరివాళ్లు పుణ్యస్నానాలు చేస్తారు. ఒకే నీటికి రెండు చోట్ల మొక్కేవాళ్లం ఒకరి భాష ఒకరికి తెలియకుండా ఇన్ని తరాలు ఎట్లా బతికామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అతను ఇంటికి ఫోన్ చేసినప్పుడు గోండిలో మాట్లాడుతాడు. మొదట్లో నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. ఒకరోజు ఊరికే కూర్చుని అంకెలు చెప్పమన్నాను. "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు పక్కన పెట్టి చూస్తే అన్నదమ్ముల మొహాలు చూసినట్టుంది. నీళ్లను యేర్ అంటారట. మనం ఏరు అనేది పారే నీళ్లనే కదా. చేతిని కై అంటారు, కంటిని కన్ అంటారు. గోండి కూడా మన తెలుగులాగే ద్రావిడ భాష అని పుస్తకాల్లో ఉన్నదే గాని, పక్క మంచం మీద కూర్చున్న మనిషి నోటి నుంచి వింటే వేరే.

"మరి నీకు తెలుగు ఇంత బాగా ఎట్ల వచ్చింది?" అని అడిగాను.

"బడిల వచ్చింది. నీకు ఇంగ్లీషు బడిల వచ్చినట్టు" అన్నాడు.

ఈ జవాబు నా బుర్రలో చాలా రోజులు తిరిగింది. తెలుగు అంటే ఇంట్లో పుట్టి పెరిగే భాష అనే నేను అప్పటిదాకా అనుకున్నాను. తెలుగు కూడా ఎవరికో బెత్తంతో పాటు వచ్చిన భాష అన్న సంగతి నాకు తట్టలేదు. తర్వాత అతనే చెప్పాడు, "మా దగ్గర ఒకప్పుడు గోండి బడి ఉండె. మార్లవాయిల. హైమన్‌డార్ఫ్ దొర పెట్టిండు" అని. మా చెన్నూరులో ఈ పేరు నేను వినలేదు. ఉట్నూరు, జైనూరు దిక్కు అడిగితే పిల్లలు కూడా చెబుతారట. అప్పటి నుంచి దొరికినది దొరికినట్టు చదివాను. లైబ్రరీలో ఫిజిక్సు పుస్తకం తిరిగి ఇవ్వడానికి పోయి ఈ పుస్తకాల దగ్గర ఆగిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. పేరులోనే ఉంది, పెద్దింటి బిడ్డ. చదివింది థెరేసియానుం అనే బడి. దాన్ని 1746లో మహారాణి మరియా థెరేసా తన రాజభవనంలో పెట్టించింది. అధికారులు కావలసిన కులీనుల పిల్లలను తయారుచేయడానికి దాన్ని జెసూట్ పాదిరీల చేతిలో పెట్టింది. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఇట్లాంటి బడిని గిమ్నాజియుం అంటారు. ఇంగ్లీషువాళ్ల గ్రామర్ స్కూలు లాంటిది. గ్రామర్ అంటే అప్పట్లో జర్మన్ గ్రామర్ అనుకునేరు, కాదు. లాటిన్ గ్రామర్, ఆ తర్వాత గ్రీకు. పిల్లవాడు ఇంట్లో అమ్మతో జర్మన్ మాట్లాడి, బడికి పోయి రెండు వేల ఏండ్ల కిందటి రోము నగరపు భాష వల్లించాలి. మన వీధిబడుల్లో అమరం వల్లించినట్టే. మా చెన్నూరు, అవతలి ఒడ్డున మంథని వేదం చదివిన ఊళ్లని పేరు పొందాయి. అక్కడి పిల్లలు కూడా ఇంట్లో ఒక భాష, గురువు ముందు ఒక భాష.

సైన్సు విద్యార్థిని కాబట్టి ఇక్కడ ఒక్క ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. మనం ఫస్టియర్ ప్రాక్టికల్సులో రియోస్టాట్ జరుపుతూ, అమ్మీటరు ముల్లు చూస్తూ నిరూపించే ఓమ్ నియమం ఏ విశ్వవిద్యాలయంలోనూ పుట్టలేదు. ఇట్లాంటి ఒక పాత గ్రామర్ స్కూలులోనే పుట్టింది. కొలోన్ నగరంలో 1450లో మొదలై, తర్వాత జెసూట్ల చేతికి వచ్చిన బడి అది. తాళాలు చేసి బతికే కమ్మరి కొడుకు గేయార్గ్ ఓమ్ అక్కడ 1817లో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడానికి చేరాడు. బడికి మంచి పరికరాల గది ఉంది. పాఠాలు అయిపోయాక ఆ గదిలో కూర్చున్నాడు. అప్పటి బ్యాటరీల బలం నిమిషానికో తీరుగా మారుతుండేది. అందుకని రాగికి బిస్మత్ అతికి, ఒక అతుకును మరిగే నీళ్లలో, ఇంకొకదాన్ని మంచులో పెట్టి, నిలకడైన కరెంటు పుట్టించి కొలిచాడు. 1827లో పుస్తకం అచ్చయింది. ఆ పుస్తకం భాష చూడండి. 1801లో గౌస్ తన అంకెల శాస్త్రం లాటిన్‌లో రాశాడు. పాతికేండ్లు తిరగ్గానే ఓమ్ తన నియమాన్ని జర్మన్‌లో రాశాడు. ఈ మార్పు ఊరికే రాలేదు. 1687లోనే థొమాసియస్ అనే పంతులు లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో జర్మన్‌లో పాఠం చెబుతానని నోటీసు పెడితే పెద్దలు మండిపడ్డారు. అంటే లాటిన్ బడి నుంచి జర్మన్ సైన్సు దాకా రావడానికి వాళ్లకూ వంద సంవత్సరాలు దాటి పట్టింది. ఓమ్‌ను సొంత దేశపు ప్రొఫెసర్లు చాలాకాలం పట్టించుకోలేదు. 1841లో లండన్ వాళ్లు మెడల్ ఇచ్చాక గాని గుర్తు రాలేదు. ఇదేమీ కొత్త కాదు, పక్క ఊరు మెచ్చేదాకా మన ఊళ్లో ఎవరిని మెచ్చారు గనక!

మళ్లీ హైమన్‌డార్ఫ్ దగ్గరికి వస్తాను. లాటిన్ బడి నుంచి వచ్చిన ఈ మనిషి వియన్నాలో డాక్టరేటు చేసి, లండన్ పోయి మాలినోవ్‌స్కీ దగ్గర కూర్చుని, 1936లో నాగా కొండలకు వచ్చాడు. అక్కడివాళ్ల భాష నేర్చుకుని వాళ్ల మధ్యనే బతికాడు. 1938లో హిట్లరు ఆస్ట్రియాను మింగేశాడు. దాంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు అయింది. 1939లో మళ్లీ ఇండియాకు వచ్చేసరికి యుద్ధం మొదలైంది. ఇంగ్లీషువాళ్ల లెక్కన ఆయన శత్రుదేశస్థుడు. పట్టుకున్నారు. తెలిసిన అధికారులు అడ్డుపడితే, జైలుకు బదులు నిజాం రాజ్యం దాటిపోకూడదన్న షరతు మీద వదిలారు. ఒక మనిషికి అది శిక్ష, మన అడవులకు మాత్రం అది వరమైంది. ఆయన, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ మొదట నల్లమలలో చెంచుల దగ్గర, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత మన ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉన్నారు.

అప్పటికే 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాడు. అడవిని రిజర్వు ఫారెస్టు అని గీత గీసి, పోడు కొట్టుకున్నవాళ్ల గుడిసెలు కాల్చి, పట్టాలు మాత్రం మైదానం నుంచి వచ్చినవాళ్లకు రాసిచ్చిన కాలం అది. భీం తుపాకి పట్టిన తర్వాత గాని సర్కారుకు "ఈ గోండులకు అసలు బాధ ఏమిటి?" అనే ప్రశ్న పుట్టలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి హైమన్‌డార్ఫ్ వచ్చాడు. 1941 నుంచి రెండేండ్ల పాటు మార్లవాయిలో, గోండుల ఇండ్ల పక్కన వాళ్లలాంటి ఇల్లే కట్టుకుని ఉన్నాడు.

ఆయన చూసిన బాధ చాలావరకు కాయితాల బాధ. భూమి దున్నేవాడు గోండు, కాయితం రాసేది పట్వారి. కాయితంలో ఏమున్నదో దున్నేవాడికి తెలియదు. అప్పు రాసేది సావుకారి, వేలిముద్ర వేసేది గోండు. అడవి కేసు రాసేది చౌకీదారు, జుర్మానా కట్టేది గోండు. తుపాకితో ఓడిపోయినవాళ్లకు ముందుగా కావలసింది పలక అని ఆయనకు తోచింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు.

ఇక్కడే నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. సర్కారు భాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నుంచి ఉర్దూలోనే నడుస్తున్నది. జిల్లాలో తెలుగు, మరాఠీ మాట్లాడేవాళ్లున్నారు. ఆయన మాతృభాష జర్మన్, రాసేది ఇంగ్లీషు. ఇన్ని భాషల నడుమ ఆయన పిల్లలకు మొదటి పాఠం గోండిలో ఉండాలన్నాడు. గోండికి అచ్చు పుస్తకం లేదు, వాడుకలో అందరికీ తెలిసిన లిపి లేదు. మరి ఎట్లా? జిల్లా పడమటి దిక్కు గోండుల్లో అంతో ఇంతో మరాఠీ అక్షరాలు తెలిసినవాళ్లు కొందరు ఉన్నారు. అందుకని దేవనాగరి లిపిలో గోండి వాచకాలు రాయించారు. ముందు గోండి, ఆ తర్వాతే మిగతా భాషలు. ఆ పనిలో సేతుమాధవరావు పగడీ అనే అధికారి ఉన్నాడు. సొంత భాష మరాఠీ. గోండి నేర్చుకుని, తర్వాతి కాలంలో ఆ భాషకు వ్యాకరణం కూడా రాశాడు. గ్రామర్ స్కూలు అంటే ఇదీ. ఎవరిదో చచ్చిపోయిన భాష గ్రామరు కాకుండా, బడికి వచ్చిన పిల్లల భాషకే గ్రామరు రాసిన బడి.

శిక్షణ పొందినవాళ్లు చుట్టుపక్కల గూడేల్లో బడులు పెట్టారు. అందరూ పంతుళ్లే కాలేదు. కొందరు పట్వారీలయినారు, కొందరు ఫారెస్టు గార్డులయినారు. నిన్నటిదాకా ఎవరికి భయపడి దాక్కున్నారో ఆ కుర్చీల్లోనే వీళ్లు కూర్చున్నారన్న మాట. 1945 తర్వాత హైమన్‌డార్ఫ్ నిజాం సర్కారుకు గిరిజనుల సలహాదారు అయ్యాడు, ఉస్మానియాలో పాఠాలు కూడా చెప్పాడు. ఆ రోజుల్లోనే వేల కుటుంబాలకు పట్టాలు దొరికాయి. బడి, పట్టా రెండూ ఒకేసారి వచ్చాయి గనక మార్లవాయి పేరు నిలబడింది. బడి ఒక్కటే వచ్చి ఉంటే పట్టా చదవడం వచ్చేది గాని చదవడానికి పట్టా ఉండేది కాదు.

కాయితం సంగతి నాకు మా ఇంట్లోనే తెలుసు. మా తాతకు ఎనభై దాటాయి. "అలిఫ్, బే, పే నేర్సుకున్న బిడ్డా. రెండు జమాతులు సదివిన. అంతల్నే పోలీస్ యాక్షనయింది. మల్ల అ, ఆ మొదటికెల్లి" అంటాడు. 1948కి ముందు ఊళ్లో బడి అంటే ఉర్దూ బడే. మా తాత వాళ్ల నాయిన కాలపు ఒక కాయితం మా ఇంట్లో రేకు పెట్టెలో ఉంది. ఉర్దూలో ఉంది. తాత అక్షరాలు కూడబలుక్కుంటాడు గాని మాట కూర్చలేడు. బాపుకు అదీ రాదు. మూడేండ్ల కింద భూముల రికార్డు పని పడ్డప్పుడు ఆ కాయితం బయటికి తీశారు. అది అమ్మకం కాయితమో, అప్పు పత్రమో, కుదువ పెట్టినదో ఎవరికీ తెలియదు. మా బాపమ్మ అయితే "అండ్ల ఏమున్నదో ఏమో, లోపల వెట్టుండ్రి, ఎవ్వలకు సూపెట్టకుండ్రి" అని ఒకటే భయం. నెల రోజులు ఇంట్లో అదే చర్చ. చివరికి మంచిర్యాలలో ఒక రిటైరయిన ఉర్దూ సారు కండ్లద్దాలు పెట్టుకుని చూసి నవ్వారు. శిస్తు కట్టిన రశీదు! అంతే. అయినా మా బాపమ్మ దాన్ని మళ్లీ జాగ్రత్తగా పెట్టెలోనే పెట్టింది. సొంత భూమి ముచ్చట సొంత ఇంట్లో ఎవరూ చదవలేకపోవడం ఎట్లా ఉంటుందో ఆ నెల రోజుల్లో చూశాను. మాకు నెల. గోండులకు ఎన్ని తరాలో!

మన తెలుగువాళ్లు ఈ బాధ తెలియనివాళ్లు కారు. 1921 నవంబరు 12న హైదరాబాదులో వివేకవర్ధిని థియేటరులో సంఘసంస్కార సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడితే విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేశారు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువాళ్లు కూర్చుని ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. అందులోనుంచే ఆంధ్రమహాసభలు వచ్చాయి. నాలుగవ సభ 1935లో మన సిరిసిల్లలోనే జరిగింది. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు గారు. ఆయనే 1928లో నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల బడి పెట్టారు. తెలుగులో చదివితే ఇక్కడి విశ్వవిద్యాలయం గుర్తింపు ఇవ్వదు కాబట్టి పూనాలోని కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాయించారు. తెలుగును గోల చేసి దింపేసిన సభకు అధ్యక్షులుగా ఉన్న కార్వే గారి విశ్వవిద్యాలయమే ఏడేండ్లకు తెలుగు బడికి దిక్కయింది! ఇవన్నీ చదివితే మన పెద్దల మీద గర్వం కలుగుతుంది.

కాని ఆ తర్వాత జరిగింది కూడా చదవాలి. 1948లో నిజాం రాజ్యం పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఉర్దూ స్థానంలో మన తెలుగు వచ్చింది. మంచిదే. దాంతోపాటు మార్లవాయి బడి గోండి వాచకాలు మూలకు పోయాయి. గోండు పిల్లవాడు మొదటి రోజు నుంచే తెలుగులో చదవాలి. పంతుళ్లు కూడా చాలావరకు గోండి రానివాళ్లే వచ్చారు. ఇది చేసినవాళ్లు దుర్మార్గులు కారు. చాలామంది వివేకవర్ధిని ముచ్చటను కంటతడి పెట్టి చెప్పుకునేవాళ్లే అయి ఉంటారు. మనల్ని గోల చేసినప్పుడు మనకు నొప్పి పుట్టింది. మన భాష వల్ల పక్కవాడి నోరు మూతపడితే మనకు వినపడలేదు. నేను చెన్నూరు బడిలో తెలుగులో చదివినన్ని రోజులూ ఇది నాకు వినపడలేదు.

భూమి సంగతీ అట్లాగే అయింది. హైమన్‌డార్ఫ్ లండన్ పోయి అక్కడ ప్రొఫెసర్ అయినా ఈ దిక్కును మరిచిపోలేదు. 1970లలో మళ్లీ వచ్చి చూశాడు. రోడ్లు వచ్చాయి, రోడ్లతో పాటు మైదానపు రైతులు, వ్యాపారులు వచ్చారు. పట్టాలిచ్చిన భూములు చాలా చేతులు మారాయి. గిరిజనేతరులు ఏజెన్సీలో భూమి కొనకూడదని 1959లో చట్టం వచ్చింది, 1970లో దాన్ని గట్టి చేశారు. అదే అందరూ అనే 1/70. అయినా భూమి పోతూనే ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. 1982లో ఆయన రాసిన పుస్తకంలో గోండి బడులు పోయిన బాధ, భూములు పోయిన బాధ పక్కపక్కనే ఉంటాయి. మాది వ్యవసాయ కుటుంబం కాబట్టి ఇది చదువుతుంటే నాకు సుఖంగా లేదు. మా చుట్టాల్లో ఒకాయన ఆ దిక్కు పోయి, గోండు పేరు మీద ఉన్న భూమిని ఏండ్ల తరబడి సాగు చేశాడని పెండ్లిళ్లలో గొప్పగా చెప్పుకునేవారు. "పోయినోడు బాగుపడ్డడు" అనేవారు. ఎవరి భూమి అని ఆ పందిట్లో ఎవరూ అడగలేదు. ఈ ముచ్చట నా మిత్రుడికి చెప్పాను. అతను కొంచెంసేపు ఊరుకుని, "మా తాత కూడ ఒకాయనకు ఇచ్చిండు. అప్పు కింద" అన్నాడు. ఆ ఒకాయన ఎవరని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఈ సంవత్సరం నాగోబా జాతరకు అతనితో పోయాను. మంచిర్యాల నుంచి జన్నారం, అక్కడి నుంచి టేకు అడవి నడుమ ఉట్నూరు, జాతర చూసుకుని తర్వాత మార్లవాయి. పెద్ద ఊరేమీ కాదు. గుస్సాడీ కనకరాజు గారిది ఈ ఊరే. 2021లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూశారు. ఊళ్లో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. బెట్టి ఎలిజబెత్ 1987లో చనిపోయింది, ఆయన 1995లో లండన్‌లో చనిపోయాడు. ఆయన అస్థికలు కూడా చివరికి ఇక్కడికే వచ్చాయి. ఏటా జనవరిలో జనం వచ్చి దండలు వేస్తారు. ఆ దంపతులను దేవుళ్లను చేయడం నాకు ఇష్టం లేదు. ఎంతయినా ఆయన నిజాం సర్కారు జీతం మీద పనిచేసిన మనిషి, భీం తన ప్రాణం ఇవ్వకపోతే ఆయనను ఇక్కడికి పంపేవాళ్లూ కారు. ఆ మాట నేనంటే అక్కడి ముసలాయన ఒకరు ఒప్పుకోలేదు. "భీం కొట్లాడిండు, దొర రాసిండు. రెండు గావాలె గద" అన్నాడు. ఆయన మాటలో నాకు తప్పేమీ కనపడలేదు.

సమాధుల దగ్గర నుంచి వస్తుంటే బడి పిల్లలు ఆడుకుంటున్నారు. అరుపులన్నీ గోండిలో. బెల్లు కొట్టగానే లోపలికి పోయారు. లోపల తెలుగు, ఇంగ్లీషు. 2022 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కూడా వచ్చింది కదా. నేను మిత్రునితో "మళ్లీ గోండిలో చెబితే బాగుండు" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మా బాపును అడుగు. గోండిల సదివితె పోరడు ఉట్నూరు దాటడంటడు" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఇంటి భాషలో బడి ఉండాలని పుస్తకాలు చదివినవాళ్లం అంటాం. ఆకలి తెలిసిన తండ్రి ఇంగ్లీషు అంటాడు. మా బాపు కూడా అదే అన్నాడు, కాబట్టే నేను తెలుగు బడి నుంచి వచ్చి డిగ్రీలో ఇంగ్లీషు మీడియం తీసుకున్నాను. ఫస్టియరులో నాతో చేరిన తెలుగు మీడియం వాళ్లలో ఇద్దరు దసరా సెలవులకు పోయి తిరిగి రాలేదు. లెక్కలు రాక కాదు, వాళ్లలో ఒకడు నాకంటే బాగా చేసేవాడు. లెక్చరులో ఏం అడుగుతున్నారో తెలియక పోయాడు. ఇంటి భాషలో రెండు మూడేండ్లు గట్టిగా చదివి అక్షరం మీద పట్టు వచ్చినాక ఎన్ని భాషలైనా నేర్వవచ్చునని నా నమ్మకం. హైమన్‌డార్ఫ్ చేయబోయింది కూడా గోండి దగ్గర ఆపడం కాదు, గోండి దగ్గర మొదలుపెట్టడం.

అసలు దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2004లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. అందులో గోండి, కోలామి, కోయ ఉన్నాయి. తెలుగు లిపిలో వాచకాలు వేశారు. నార్నూరు మండలం గుంజాల ఊళ్లో గోండికి సొంత లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావు గారు, ఇంకా కొందరు పండితులు వాటి మీద పనిచేశారు. 2018లో ఆ లిపికి కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లో చోటు దొరికింది. దేవనాగరి అరువు తెచ్చుకుని వాచకం రాసిన రోజుల్లో ఈ లిపి అదే జిల్లాలో ఏదో ఒక ఇంటి అటక మీద ఉండి ఉంటుంది!

నా మిత్రుడు డిగ్రీ కాగానే బీఎడ్ చేసి తమ దిక్కే పంతులు కావాలనుకుంటున్నాడు. సెలవుల్లో ఒక నోటుబుక్కు మొదలుపెట్టాడు. ఒక దిక్కు ఇంగ్లీషు మాట, నడుమ తెలుగు మాట, మూడో గడిలో గోండి మాట. నీళ్లు, వేడి, బరువు, వెలుగు, నీడ, దూరం... చాలావరకు దొరికాయి. కొన్ని వాళ్ల అమ్మకు ఫోన్ చేసి అడిగాడు. మొన్న ఓమ్ నియమం దగ్గరికి వచ్చి కరెంటు దగ్గర ఆగిపోయాడు. గోండిలో మాట లేదట.

"మన తెలుగుల ఏమంటరు?" అన్నాడు.

"విద్యుత్ ప్రవాహం" అన్నాను.

"నువ్వెప్పుడన్న అన్నవా?"

అనలేదు. మా చేను దగ్గర మోటారు ఆగిపోతే మా బాపు కూడా కరెంటు పోయిందనే అంటాడు. అతను నవ్వి మూడో గడిలోనూ కరెంటు అనే రాసుకున్నాడు, తర్వాతి మాటకు పోయాడు.